చెడగొట్టిన పాత కారును బాగు చేయించాలంటే: ఏది వెనక్కి వస్తుంది, ఏది రాదు

ఇంట్లో పాత అంబాసిడరో, ఫియటో ఉన్నవాళ్లకు ఈమధ్య టెన్షన్ ఎక్కువైంది. పదిహేనేళ్లు దాటితే తుక్కుకు వేయాల్సిందేనట అని ఒకరంటారు. యాభై ఏళ్లు దాటితే వింటేజ్ నంబరు ఇస్తారట, అప్పుడు దాని విలువే వేరని ఇంకొకరు ఆశ పెడతారు. ఈలోగా కారు మాత్రం ఎప్పుడో ఎవరో మార్పించిన డీజిల్ ఇంజిన్‌తోనో, బరాత్ కోసం పైకప్పు కోయించుకునో, నాలుగు రంగుల లైట్లతోనో షెడ్డులో పడి ఉంటుంది. దాన్ని మళ్లీ దారిలో పెట్టాలన్న కోరిక ఉంటుంది, చేతిలో డబ్బు మాత్రం అంతంతే.

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు ఇట్లాంటి బండ్లు చాలానే ఉన్నాయి. వాటి సంగతి తేలకపోవడానికి కారణం, చట్టానికీ కారు కట్టుబడికీ జేబుకూ సంబంధించిన మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ముడిగా చూడటం. దేనికదే విడదీసి చూస్తే చిక్కు చాలావరకు వీడుతుంది.

పదిహేను, ఇరవై, యాభై: ఏ అంకె దేనికి?

పదిహేనేళ్లు అనేది ప్రైవేటు కారుకు మొదట ఇచ్చే రిజిస్ట్రేషన్ గడువు మాత్రమే. అది ముగిశాక బండిని ఆర్టీఏ ఆఫీసులో చూపించి, ఫిట్‌గా ఉందని తేలితే ఐదేళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు. తెలంగాణలో పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టాలి. అంతే తప్ప పదిహేనేళ్లకే కారు చచ్చిపోదు. మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటి, ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై 2018లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత నడుస్తున్న వ్యవహారం. అది ఆ ప్రాంతానిదే, మనకు వర్తించదు. రెండోది, పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదన్న కేంద్ర నిబంధన. అది సర్కారు బండ్లకే.

ఇరవై ఏళ్ల అంకె ఖర్చుకు సంబంధించినది. ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది.

యాభై ఏళ్ల అంకె దగ్గరే ఆశలన్నీ ఉన్నాయి, అపోహలూ అక్కడే ఉన్నాయి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన, సొంత వాడకంలో ఉన్న టూవీలర్లు, కార్లు వింటేజ్ వాహనాలు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కొత్త నంబరు తీసుకుంటే అందులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. పాత నంబరు ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకోవచ్చు. అయితే షరతు ఉంది: కారు అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ మార్పు జరిగి ఉండకూడదు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న కారును రోజూ నడుపుకోవడానికి వీల్లేదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకెళ్లవచ్చు. మామూలు తిరుగుడుకు, కిరాయికి కుదరదు. కాబట్టి నార్కట్‌పల్లి దాకా వెళ్లి టీ తాగి రావాలనుకునే మనిషికి వింటేజ్ నంబరు లాభం కాదు, అడ్డంకి. అట్లాంటివాళ్లకు మామూలు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవడమే సరైన దారి. ఈ ఒక్క విషయం ముందే తేల్చుకుంటే ఖర్చు లెక్క సగం మారిపోతుంది, ఎందుకంటే ఏయే మార్పులను తప్పనిసరిగా వెనక్కి తిప్పాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

కళ్లకు కొట్టే మార్పు వేరు, కారును కుంగదీసిన మార్పు వేరు

రిపేరు అంటే అరిగినదాన్ని సరిచేయడం. మోడిఫికేషన్ అంటే కంపెనీ ఇచ్చిన దాన్ని ఇంకోలా మార్చడం. రీస్టోరేషన్ అంటే ఆ మార్పులను తీసేసి తొలి రూపానికి తేవడం. చెడగొట్టిన కారు దగ్గర ఈ మూడు పనులూ కలిసే వస్తాయి.

కారును చూడగానే మనసు విరిగిపోయేది పైపైన కనబడేవాటితో. ఊదారంగు పెయింటు, రెగ్జిన్ చిరిగిన బకెట్ సీట్లు, డ్యాష్‌బోర్డు కోసి దూర్చిన పెద్ద స్టీరియో. నిజానికి వీటితో వచ్చిన నష్టం తక్కువ. సీట్లు మార్చవచ్చు, రంగు గీకవచ్చు, డబ్బు లేకపోతే అట్లాగే ఇంకో రెండేళ్లు ఉంచేయవచ్చు. అసలు నష్టం చేసే మార్పులు అందంగా కూడా ఉండవచ్చు. నున్నగా మెరిసే తలుపు కింద వేలెడు మందాన పుట్టీ ఉంటుంది. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపు కింది అంచు వెంబడి జరుపుకుంటూ పోతే, అప్పటిదాకా టక్కున అతుక్కున్నది ఒకచోట జారి కింద పడుతుంది. అక్కడ రేకు లేదు, పుట్టీయే ఉంది.

కింద కూర్చుని చూడాల్సినవి మరికొన్ని: తలుపుల కింద పొడవుగా ఉండే బాక్సు, డ్రైవరు కాళ్ల దగ్గరి ఫ్లోరు, బ్యాటరీ పెట్టిన తట్ట కింది రేకు, వెనక స్ప్రింగు పట్టీలు బిగించిన చోటు. మన ప్రాంతం పొడిగా ఉంటుంది కాబట్టి సముద్రతీరంలో తిరిగిన బండ్లంత ఘోరంగా తుప్పు పట్టదు. కానీ దుమ్ము పేరుకుని, దాని మీద వాన నీళ్లు నిలిచిన మూలల్లో మాత్రం తినేస్తుంది.

పైకప్పు కోసిన బరాత్ కారు: ఎందుకంత నష్టం?

పెళ్లి ఊరేగింపు కోసం పాత ఫియట్ పద్మినికో అంబాసిడర్‌కో పైకప్పు కోసి, ఓపెన్ టాప్ చేసి, పూలదండలు వేసి కిరాయికి తిప్పడం మన దగ్గర మామూలే. చూడటానికి బాగుంటుంది. అయితే జీపుకు పైభాగం లేకపోయినా ఫరవాలేదు గానీ ఈ కార్లకు మాత్రం అది ప్రాణం మీదికి వస్తుంది. ఆ తేడా అర్థం కావాలంటే కారు ఎట్లా కట్టారో చూడాలి.

పాత మహీంద్రా జీపులో కింద రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు ఉంటాయి. బరువంతా వాటి మీదే. పైన బాడీ ఊరికే కూర్చుని ఉంటుంది. అంబాసిడర్, పద్మిని అట్లా కాదు. వాటికి విడి చాసిస్ లేదు. ఫ్లోరు, తలుపుల కింది బాక్సులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే పెట్టె అది. అగ్గిపెట్టె పైడొప్ప తీసేసి లోపలి అరను రెండు చేతులా మెలిపెట్టి చూస్తే ఏం జరుగుతుందో, పైకప్పు పోయిన కారుకు గుంత పడ్డ రోడ్డు మీద అదే జరుగుతుంది.

కప్పు పోయాక బరువు మోసే భారం ఫ్లోరు మీద, పక్క బాక్సుల మీద పడుతుంది. ముందు వెనక చక్రాల మధ్య భాగం మెల్లగా కిందికి కుంగుతుంది. అది కుంగేకొద్దీ ముందు స్తంభం, మధ్య స్తంభం పైభాగంలో ఒకదానివైపు ఒకటి వంగుతాయి. తలుపు పైన సందు మూసుకుపోతుంది, కింద తెరుచుకుంటుంది. డ్రైవరు తలుపు మూయాలంటే కొంచెం పైకెత్తి మూయాల్సి వస్తోందంటే కారు నడుము వంగినట్టే. ఒక వెనక చక్రం దగ్గర జాకీ పెట్టి లేపినప్పుడు అదే వైపు తలుపు సందు కళ్లముందే మారిపోతే ఇంకా ముదిరినట్టు.

దీన్ని వెనక్కి తేవడం సాధ్యమే, కానీ అది మామూలు డెంటింగ్ పని కాదు. అదే మోడల్ తుక్కు కారు నుంచి పైకప్పును స్తంభాలతో సహా కోసి తెచ్చుకోవాలి. ఇక్కడి కారు తలుపు ఖాళీల్లో ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డు చేసి, కుంగిన భాగాన్ని జాకీతో లేపి, తలుపు ఖాళీ ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి కొలుస్తారు. ఎడమవైపు కొలతలు, కుడివైపు కొలతలు కలిసేదాకా కప్పు ఎక్కించకూడదు. స్తంభాలు అతికేచోట లోపల రేకు తొడుగు ఇచ్చి వెల్డు చేయాలి, అంచుకు అంచు పెట్టి అంటించి పైన పుట్టీ రాస్తే పనికిరాదు. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలచటి రేకు వంకర పోతుంది కాబట్టి ఇట్లాంటి పనికి సీఓటూ వెల్డింగ్ మేలు.

కప్పు కోసిన కారుకు చట్టం అండ కూడా లేదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

డీజిల్ ఇంజిన్ పెట్టిన అంబాసిడర్: ఉంచాలా, తీయాలా?

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌తో దశాబ్దాలు నడిచింది. 1980 ప్రాంతంలో కంపెనీయే డీజిల్ రకం కూడా తెచ్చింది. పెట్రోలుకూ డీజిలుకూ ధరలో బాగా తేడా ఉన్న ఆ రోజుల్లో, ముఖ్యంగా ట్యాక్సీ నడిపేవాళ్లు, పెట్రోల్ ఇంజిన్ దించేసి డీజిల్ ఎక్కించుకున్నారు. అది తప్పుడు పని అనలేం. వాళ్లకు పూట గడవాలి. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా చాలా తగ్గింది. ఇప్పుడు మిగిలింది డీజిల్ ఇంజిన్ బరువు, దాని వణుకు, ఆ బరువుకు కిందికి దిగిన ముందు భాగం.

ఇక్కడ రెండు వాదనలున్నాయి. అసలు ఇంజిన్ లేని కారు సగం కారే అంటారు ఒక వర్గం. యాభై ఏళ్ల కారుకు వింటేజ్ గుర్తింపు కావాలంటే నిబంధన కూడా వాళ్ల వైపే ఉంది. విలువ తెలిసి కొనేవాడు మొదట అడిగేదీ ఇంజిన్ నంబరే. రెండో వర్గం మాట ఇంకోలా ఉంటుంది. ముప్పై ఏళ్ల కింద, అధికారుల అనుమతితో మార్చి, ఆర్సీలో ఎక్కించిన ఇంజిన్ కూడా ఆ కారు చరిత్రలో భాగమే. నడుస్తున్న ఇంజిన్ దించి, దొరకని ఇంజిన్ కోసం లక్ష పోసే బదులు బ్రేకులు బాగు చేయించుకోవడం తెలివైన పని అంటారు వాళ్లు.

రోజూ నడుపుకోవాలనుకునే కుటుంబానికి, డబ్బు తక్కువ ఉన్నప్పుడు, రెండో వాదనే నాకు న్యాయంగా కనిపిస్తుంది. అయితే ఆ ఇంజిన్ ఆర్సీలో ఉండాలి. చాలా కార్లకు చిక్కు వచ్చేది ఇక్కడే: బాడీలో డీజిల్, కాగితంలో పెట్రోల్. ఇంజిన్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. చాసిస్ నంబరుకూ అంతే. ఆ రెండు పెన్సిల్ ప్రింట్లు ఆర్సీతో అంకె అంకె సరిపోకపోతే, ఒక్క నట్టు విప్పకముందే ఆగి ఆర్టీఏ ఆఫీసులో ఆ సంగతి తేల్చుకోవాలి. కాగితం కుదరని కారు మీద పెట్టిన ప్రతి రూపాయీ గాల్లో పెట్టినట్టే.

చక్రాలు, స్ప్రింగులు, లైట్లు: లెక్క వేస్తే తెలిసే నష్టం

అంబాసిడర్‌కు కంపెనీ ఇచ్చింది 5.90-15 టైరు. దాని మొత్తం ఎత్తు సుమారు 660 మిల్లీమీటర్లు. స్టైలు కోసం 14 అంగుళాల అల్లాయ్ చక్రానికి 185/60 టైరు వేశారనుకుందాం. దాని ఎత్తు దాదాపు 578. అంటే కారు అన్ని వైపులా 41 మిల్లీమీటర్లు కిందికి దిగింది. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఎట్లా ఉంటాయో తెలిసిందే. మీటరు గంటకు 60 చూపిస్తే నిజంగా వెళ్లేది 52, 53 మాత్రమే. ఇంజిన్ మాత్రం 60కి తిరగాల్సినంతా తిరుగుతూ ఉంటుంది. హైదరాబాద్ రోడ్డెక్కితే కారు అరుస్తోందని ఇంజిన్ విప్పిస్తారు. తప్పు టైరుది.

పద్మినికి ముందువైపు కాయిల్ స్ప్రింగులుంటాయి. కారు కిందికి కనిపించాలని వాటిని కోస్తారు. పనిచేసే చుట్లు ఎనిమిది ఉంటే, రెండు కోసేస్తే, స్ప్రింగు మూడో వంతు గట్టిపడుతుంది. పైగా కదలడానికి ఉన్న చోటు తగ్గుతుంది. ఆ దెబ్బలన్నీ బాల్ జాయింట్లకు, బుష్‌లకు, చివరికి బాడీ వెల్డింగులకు తగులుతాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది వైరింగు. పాత హెడ్‌లైట్లు 45 వాట్ల చొప్పున రెండు కలిపి 90 వాట్లు. 12 వోల్టుల మీద ఏడున్నర ఆంపియర్లు. వాటి స్థానంలో 100 వాట్ల బల్బులు వేస్తే దాదాపు 16.7 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటుకు వర్గంలో పెరుగుతుంది కాబట్టి, అదే పాత తీగలో వేడి సుమారు ఐదు రెట్లు అవుతుంది. డైనమో ఉన్న పాత కార్లలో మొత్తం తయారయ్యే కరెంటే 20 ఆంపియర్ల చుట్టుపక్కల. దానిమీద బరాత్ సౌండ్ సిస్టమ్, రంగు లైట్లు. ఫ్యూజు తరచూ పోతోందని దాని స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటుంది, అంటే కాలిపోవాల్సింది ఇక ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనక తీగల కట్ట. అదృష్టం ఏమిటంటే, ఈ కార్ల వైరింగు చాలా సాదాది. కొత్త తీగలు, రెండు మూడు రిలేలు (ఎక్కువ కరెంటును విడిగా నడిపించే స్విచ్చులు), సరైన ఫ్యూజులతో మొత్తం మార్చేయడం మిగతా పనులతో పోలిస్తే చవకే.

రెండున్నర లక్షలు ఉంటే అవి ఎటు పోతాయి?

లెక్క అర్థం కావడానికి ఊహించుకున్న అంకెలు ఇవి, పనివాళ్ల రేటు ఊరినిబట్టి మారుతుంది. నల్లగొండలో ఒక కుటుంబం దగ్గర 1974 అంబాసిడర్ ఉంది. కప్పు బాగానే ఉంది, ఫ్లోరు తుప్పు పట్టింది, వైరింగు గందరగోళం. చేతిలో రెండున్నర లక్షలు. ఫ్లోరు, పక్క బాక్సుల రేకు పనికి 85,000. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్‌కు 40,000. వైరింగుకు 20,000. ఇంజిన్‌కు 50,000. ఇక్కడికి 1,95,000 అయింది. విప్పాక బయటపడే వాటికోసం 40,000 పక్కన పెట్టక తప్పదు. మిగిలింది 15,000. ఆ డబ్బుతో పూర్తి పెయింటు రాదు. ప్రైమరు కొట్టించి, ఈ ఏడాదికి అట్లాగే నడుపుకోవాలి.

చాలామంది లెక్క తిరగేసి వేస్తారు. ముందు పెయింటు, సీట్లు, చక్రాలు. లక్షా పాతిక అయిపోయాక కాళ్ల కింద ఫ్లోరు ఊడిందని తెలుస్తుంది. దాన్ని వెల్డు చేస్తే ఆ వేడికి కొత్త పెయింటు పొక్కుతుంది. అదే పనికి రెండుసార్లు డబ్బు.

ఖర్చు తగ్గించే వీలు మన దగ్గర కొంత ఉంది. అంబాసిడర్ 2014 మే దాకా తయారైంది, లోపలి సామానులో కొంత పెద్దగా మారలేదు. కాబట్టి బ్రేకులు, బుష్‌లు, గేరు బాక్సు భాగాలు ఇప్పటికీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, హైదరాబాద్, విజయవాడ ఆటోనగర్‌లలోనో వెతికితే దొరుకుతాయి. నల్లగొండ వాళ్లకు రెండు ఆటోనగర్‌లూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. పాత గ్రిల్లు, మీటర్లు, నికెల్ పట్టీల్లాంటి పైసామాను మాత్రం కష్టం. పద్మిని ఉత్పత్తి 2000 ప్రాంతంలోనే ఆగింది కాబట్టి దానికి వెతుకులాట ఎక్కువ. దొరకని బుష్‌నో పిన్నునో తిప్పించుకోవడానికి, ట్రాక్టర్లకూ రైస్ మిల్లులకూ పనిచేసే లేతు షాపులు మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఉన్నాయి. ఇంజిన్ బోరింగు, అంటే అరిగిన సిలిండర్ గోడను లోపల గీసి సరిచేయడం, కూడా అంతే. ఇరవై సైజు, నలభై సైజు పిస్టన్లతో (అసలు కంటే కొంచెం పెద్దవి) ముందే ఎన్నిసార్లు బోరు చేయించారో అడిగి తెలుసుకోవాలి. గోడ పలచబడితే లోపల కొత్త స్లీవ్ (ఇనుప తొడుగు) దించాల్సిందే.

మన ఎండ, మన బోరు నీళ్లు, కొత్త పెట్రోలు

మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు మామూలు. ఆ వేడికి కార్బ్యురేటర్ దాకా వెళ్లే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోతుంది. గొట్టాన్ని సైలెన్సరు మానిఫోల్డుకు దూరంగా, కంపెనీ ఇచ్చిన దారిలోనే తిప్పితే ఈ బాధ తగ్గుతుంది. మార్పులు చేసినవాళ్లు ఆ దారినే చెడగొడతారు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకో శత్రువు. ఆ నీళ్లలోని సున్నం సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి, ఫ్యాన్ ఎంత పెద్దది పెట్టినా ఇంజిన్ వేడెక్కుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ ఖర్చు దీని ముందు ఏపాటి?

ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం దానికోసం చేసినవి కావు. మెత్తబడి పగులుతాయి. ఇథనాల్ గాలిలో తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టే కారు ట్యాంకులో తుప్పుకు అదో దారి. రబ్బరు మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు, ఎట్లాగూ విప్పినప్పుడే చేయించుకోవచ్చు.

ఒక కారు ఇంకో కారుకు సామాను అయినప్పుడు

కొన్ని కార్లు వెనక్కి రావు. కప్పు కోసి, నడుము కుంగి, పక్క బాక్సులు తుప్పుకు పోయి, ఆర్సీ ఎవరి పేరున ఉందో తెలియని పద్మినికి మూడు లక్షలు పెట్టినా మిగిలేది ప్రశ్నలే. దాని తలుపులు, అద్దాలు, గేరు బాక్సు, మీటర్లు ఇంకో మంచి పద్మినిని నిలబెట్టగలవు. ఇది ఒప్పుకోవడం కష్టమే. నాన్న కొన్న కారు, అమ్మ పెళ్లి కారు అయితే మరీ కష్టం. కానీ సామాను కోసం ఒక కారును విప్పడం కూడా ఆ మోడల్‌ను బతికించే పనే.

అట్లా విప్పేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. మంచి కాగితాలున్న కారు నుంచి చాసిస్ నంబరున్న రేకు కోసి, కాగితాలు లేని బాడీకి అతికించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది రీస్టోరేషన్ కాదు, నేరం. అట్లా అతికించిన కారు రేపు కొడుకు పేరున మార్చబోయినప్పుడో, యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గరో పట్టుబడుతుంది. ఇక వాడకానికి పనికిరాదని తేలిన కారు సంగతి యజమాని పద్నాలుగు రోజుల్లోపు ఆర్టీఏకు తెలియజేసి ఆర్సీ అప్పగించాలని చట్టంలోనే ఉంది. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే కారు అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ కూడా వస్తుంది. రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం, విప్పి తీసుకున్న సామాను జాబితా ఒకే ఫైల్లో పెట్టుకుంటే, ఆ తలుపూ ఆ గేరు బాక్సూ ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరడిగినా చూపించవచ్చు.